పైకప్పు తీసిన కారు, ఐర్లండ్ వాన

ఐర్లండ్‌లో పల్లెలను కలిపే స్థానిక రహదారులపై సాధారణ వేగ పరిమితిని 2025 ఫిబ్రవరి 7 నుంచి గంటకు 80 కిలోమీటర్ల నుంచి 60కి తగ్గించారు. మోటార్‌వేలపై 120, జాతీయ రహదారులపై 100, ప్రాంతీయ రహదారులపై 80 కిలోమీటర్ల పరిమితి ఉన్న ఆ దేశంలో, పొదల కంచెల మధ్య మలుపులు తిరుగుతూ, ఎక్కడికక్కడ అతుకులు పడి, ఎదురుగా ట్రాక్టరు వస్తే పక్కకు ఒదిగి నిలవవలసినంత సన్నగా సాగే దారులే ఎక్కువ. అటువంటి చోట రెండు వందలకు పైగా హార్స్‌పవర్ ఉన్న కారులోని శక్తిలో అధిక భాగం రోజుల తరబడి పనిలేక పడి ఉంటుంది. అయిదుగురు కూర్చోగలిగి, సామాను పట్టి, అవసరమైతే ఆరేడు సెకన్లలో వంద కిలోమీటర్ల వేగాన్ని అందుకోగల హ్యాచ్‌బ్యాక్‌ను అమ్మివేసి, అంతకంటే బలహీనమైన ఇంజినూ రెండే సీట్లూ గుడ్డ పైకప్పూ ఉన్న తేలికపాటి రోడ్‌స్టర్‌ను కొనుక్కునేవారి నిర్ణయం పైకి వింతగా కనిపించినా, దాని వెనుక పరిశీలించదగిన భౌతికశాస్త్రం ఉంది.

పోలికకు రెండు ప్రసిద్ధమైన కార్లను తీసుకోవచ్చు. 1976లో వచ్చిన మొదటి ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ హ్యాచ్‌బ్యాక్ 110 హార్స్‌పవర్‌తో 800 కిలోలకు కొంచెం పైన తూగేది. నేటి ఎనిమిదో తరం జీటీఐ తొలి రూపంలోనే 245 హార్స్‌పవర్ ఇచ్చింది కాని, దాని బరువు దాదాపు 1,400 కిలోలకు చేరింది. మాజ్డా ఎమ్ఎక్స్-5 రోడ్‌స్టర్ మాత్రం 1989 నుంచి నేటి వరకు, ప్రమాద రక్షణ నిబంధనలు ఎంత పెరిగినా, చిన్న ఇంజిన్ రూపంలో వెయ్యి కిలోల పరిసరాల్లోనే నిలిచింది. 132 హార్స్‌పవర్ ఇచ్చే ఒకటిన్నర లీటర్ల రకాన్ని జీటీఐతో పోలిస్తే, టన్ను బరువుకు లభించే శక్తి 132కి 175గా తేలుతుంది కనుక, తిన్నని దారిలో జీటీఐదే పైచేయి అనడంలో సందేహం లేదు. రోడ్‌స్టర్‌కు దక్కే లాభాన్ని వెతకవలసింది మలుపుల్లోనూ, బ్రేకు వేసే చోటా, స్టీరింగ్ తిప్పిన మరుక్షణంలోనూ.

మొదట బ్రేకు సంగతి చూడాలి. కదిలే వస్తువులో నిలవ ఉండే గతిజ శక్తి దాని ద్రవ్యరాశికీ, వేగపు వర్గానికీ అనులోమంగా పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే వెయ్యి కిలోల కారులో ఈ శక్తి దాదాపు 247 కిలోజౌళ్లు, అదే వేగంతో పోయే 1,400 కిలోల కారులో దాదాపు 346 కిలోజౌళ్లు. కారు ఆగే ప్రతిసారీ ఈ శక్తి అంతా బ్రేకు పళ్లేల్లో వేడిగా మారవలసిందే కనుక, బరువైన కారుకు పెద్ద పళ్లేలు కావాలి, వాటిని ఇముడ్చుకోవడానికి పెద్ద చక్రాలు కావాలి, ఆ చక్రాలను అదుపులో ఉంచడానికి గట్టి స్ప్రింగులు కావాలి, వీటన్నిటినీ మోయడానికి ఇంకా దృఢమైన చట్రం కావాలి. ఈ గొలుసు వెనక్కి తిప్పినా పనిచేస్తుంది. ఒకచోట తగ్గించిన కిలో మరోచోట ఇంకొంత తగ్గింపునకు దారి తీస్తుంది. 1996లో అమ్మకానికి వచ్చిన లోటస్ ఎలీజ్‌లో, అచ్చుల గుండా వత్తి తీసిన అల్యూమినియం కడ్డీలను ఎపాక్సీ జిగురుతో అతికించి చేసిన చట్రం 68 కిలోలే తూగడం, మొత్తం కారు 725 కిలోల దగ్గర ఆగిపోవడం, 118 హార్స్‌పవర్ ఇచ్చే సాధారణ రోవర్ ఇంజిన్‌తోనే అది ఆరు సెకన్ల లోపు గంటకు 60 మైళ్ల వేగాన్ని అందుకోవడం ఈ గొలుసు ఫలితమే.

మలుపు విషయం మరికొంత సూక్ష్మమైనది. పాఠ్యపుస్తకాల సూత్రం ప్రకారం చూస్తే మలుపులో కారును బయటికి లాగే ధోరణీ, దానిని పట్టి ఉంచే ఘర్షణా రెండూ ద్రవ్యరాశికి అనులోమంగానే పెరుగుతాయి కాబట్టి, బరువు ఎంతైనా గరిష్ఠ వేగం ఒకటే కావాలి. రబ్బరు టైరు ఈ సూత్రానికి లొంగదు. టైరుపై బరువు రెట్టింపైతే అది రోడ్డును పట్టుకునే బలం రెట్టింపు కన్నా తక్కువే పెరుగుతుంది, అంటే బరువు పెరిగినకొద్దీ ఘర్షణ గుణకం తగ్గుతుంది. ఇంజినీర్లు దీనిని టైరు భార సున్నితత్వం అంటారు. మలుపులో బరువు బయటివైపు చక్రాల మీదికి ఒరుగుతుంది కనుక, బరువైన, ఎత్తైన కారు ఈ నష్టాన్ని రెండు విధాలా భరించాలి. దీనికి తోడు జడత్వ భ్రామకం అనే మరో రాశి ఉంది. ఒక వస్తువు తన అక్షం చుట్టూ తిరగడానికి చూపే అయిష్టతను కొలిచే ఈ రాశి, బరువు కేంద్రానికి ఎంత దూరంలో ఉంటే అంత ఎక్కువగా, దూరపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. హ్యాచ్‌బ్యాక్‌లో ఇంజినూ గేర్‌బాక్సూ ముందు ఇరుసు మీదుగానో ఇంకా ముందుకో వేలాడుతుంటే, ఎమ్ఎక్స్-5లో ఇంజిన్‌ను ముందు ఇరుసుకు వెనుకగా జరిపి బరువును రెండు ఇరుసుల నడుమకు చేర్చారు. స్టీరింగ్ తిప్పగానే కారు తడుముకోకుండా తిరుగుతుందని నడిపేవారు చెప్పే అనుభూతికి ఈ వర్గ సంబంధమే ప్రధాన కారణం. ముందు చక్రాలకు దారి చూపే పని మాత్రమే మిగిల్చి, తోసే పనిని వెనుక చక్రాలకు అప్పగించడం కూడా ఇందుకు తోడ్పడుతుంది. గంటకు 60 కిలోమీటర్లలో సైతం ఈ గుణాలన్నీ చేతికి తెలుస్తాయి, అదే 245 హార్స్‌పవర్ ఏమిటో తెలియాలంటే చట్టం దాటవలసి వస్తుంది.

బరువును కట్టడి చేసే ఆలోచన ఐర్లండ్ నేలకు కొత్తది కాదు. 1903 జూలై 2న కిల్డేర్, కార్లో, నేటి లీష్ కౌంటీల దారులపై జరిగిన గార్డన్ బెన్నెట్ కప్పు పందెంలో కార్ల బరువు వెయ్యి కిలోలు దాటకూడదన్నది ప్రధాన నియమం. అంతకు ముందటి ఏడాది సెల్విన్ ఎడ్జ్ బ్రిటన్ తరఫున నేపియర్ కారుతో గెలవడం వల్ల ఆతిథ్యం బ్రిటన్ వంతు అయింది గాని, అక్కడి రోడ్లపై పందేలకు చట్టం ఒప్పుకోకపోవడంతో, ఐర్లండ్ కోసం ప్రత్యేక చట్టం చేసి పందేన్ని అథాయ్ పట్టణ పరిసరాలకు తరలించారు. బరువుకు హద్దు పెడితే ఇంజిన్ల పరిమాణం దానంతట అదే తగ్గుతుందని నియమకర్తలు ఆశించగా, ఇంజినీర్లు ఇంజిన్‌ను పెద్దదిగానే ఉంచి మిగిలినవన్నీ తొలగించారు. గెలిచిన బెల్జియన్ కమీ జెనాట్సీ నడిపిన మెర్సిడెస్‌లో 9.3 లీటర్ల ఇంజిన్ ఉండేది. ఆయన సుమారు 527 కిలోమీటర్లను 6 గంటల 39 నిమిషాల్లో ముగించాడు, అంటే సగటు వేగం గంటకు దాదాపు 79 కిలోమీటర్లు. నేటి ఐరిష్ ప్రాంతీయ రహదారి పరిమితికి ఇది ఒక్క కిలోమీటరు తక్కువ కావడం యాదృచ్ఛికమే అయినా ముచ్చటైన యాదృచ్ఛికం. తేలిక అంటే పలచన అని అర్థం చేసుకున్న ఆ కాలపు కార్లు ఎంత ప్రమాదకరమైనవో అదే ఏడాది మే నెలలో పారిస్-మాడ్రిడ్ పందెంలో జరిగిన మరణాలు చూపాయి.

పదార్థాన్ని సరైన చోట మాత్రమే ఉంచే రెండో తరహా తేలికకు ఐర్లండ్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. 1980లలో వెక్స్‌ఫర్డ్ కౌంటీలోని కాసిల్‌బ్రిడ్జ్‌లో థామ్సన్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ నిర్మించిన టీఎమ్‌సీ కాస్టిన్ అనే చిన్న రెండు సీట్ల కారుకు రూపకల్పన చేసినవాడు ఫ్రాంక్ కాస్టిన్. డీ హావిలాండ్ విమాన సంస్థలో పనిచేసి, ఆ తర్వాత వాన్‌వాల్, లోటస్ పందెపు కార్లకు గాలిని చీల్చే ఆకృతులు ఇచ్చిన ఈయన, సన్నని ఉక్కు గొట్టాలను త్రిభుజాలుగా అల్లిన చట్రం మీద కారును నిలబెట్టాడు. త్రిభుజం ఎందుకంటే, భుజాల పొడవు మారనంతవరకు దాని ఆకారం మారదు, చతురస్రం మాత్రం మూలల దగ్గర వాలిపోతుంది. తయారైనవి కొద్ది పదుల కార్లే అయినా, దాని హక్కులు అమెరికాకు చేరి పానోజ్ రోడ్‌స్టర్‌కు పునాది అయ్యాయి. ఇందుకు పూర్తిగా విరుద్ధమైన కారు మోనహన్ కౌంటీలోని కాసిల్‌బ్లేనీలో 1959 ప్రాంతంలో తయారైన షామ్‌రాక్. అమెరికన్ మోజుతో చేసిన పొడవాటి ఫైబర్‌గ్లాస్ ఒంటికి ఆస్టిన్ కుటుంబ కారులోని ఒకటిన్నర లీటర్ల ఇంజిన్‌ను తగిలించిన ఆ ప్రయత్నం పదీపరక కార్లతో ముగిసిపోయింది.

పైకప్పు తీసివేస్తే బరువు తగ్గుతుందనుకోవడం సహజమే గాని, నిజానికి చాలా కార్లలో అది పెరుగుతుంది. మూత గట్టిగా అతికి ఉన్న అట్టపెట్టెను రెండు చేతులతో మెలిపెట్టడం కష్టం, మూత తీయగానే అదే పెట్టె సులభంగా వంకరపోతుంది. నాలుగు వైపులా మూసి ఉన్న గొట్టం వంటి నిర్మాణంలో మెలిపెట్టే బలం చుట్టూ ప్రవహించి తిరిగి కలుస్తుంది, ఒకవైపు తెరిచి ఉంటే ఆ ప్రవాహం తెగిపోయి రేకు మందమే దిక్కవుతుంది. మెలికకు లొంగకుండా నిలిచే ఈ గుణాన్ని విమోటన దృఢత అంటారు. సాధారణ కారు పైకప్పును కోసి కన్వర్టిబుల్‌గా మార్చినప్పుడు, గతుకుల మీద ముందు అద్దం చట్రం వణకకుండా ఉండేందుకు అడుగున పదుల కిలోల ఉక్కు బద్దెలు చేర్చవలసి వస్తుంది. మొదటి నుంచి పైకప్పు లేకుండానే ఊహించిన కార్లు వేరే దారులు వెతికాయి. 1962 నాటి లోటస్ ఎలాన్ మధ్యలో వెన్నెముక వంటి ఉక్కు పెట్టెను అమర్చుకుంది. ఎలీజ్ తలుపుల కింద ఉండే సిల్ అనే పక్క దూలాలను మోకాలెత్తు వరకు పెంచింది, అందుకే అందులోకి ఎక్కడం ఒక చిన్న వ్యాయామం.

ఇక వాన. ఐర్లండ్ తూర్పున ఏడాదికి సుమారు 150 రోజులు, పడమట 225 రోజుల దాకా ఒక మిల్లీమీటరు గాని అంతకు మించి గాని వాన పడుతుంది. ఎండ కాసేది ఏడాదికి 1,100 నుంచి 1,600 గంటలు మాత్రమే. ఇవి చూసి అక్కడ పైకప్పు లేని కారు దండగ అనుకోవడం తొందరపాటు. జూన్‌లో డబ్లిన్ పగలు దాదాపు 17 గంటలు సాగుతుంది, వేసవి మధ్యాహ్నం ఇరవై డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మే నెల హైదరాబాదులో మధ్యాహ్నం పన్నెండింటికి పైకప్పు మడిచి తిరగమంటే ఎవరు ఒప్పుకుంటారు? ఎండ తక్కువైన దేశాలే ఎండను ఒంటి మీదికి పిలిచే కార్లను ఎక్కువగా ఆదరించడం ఈ కోణంలో చూస్తే సహజమే. కదులుతున్నప్పుడు గాలి ముందు అద్దం పై అంచు దగ్గర విడిపోయి సీట్ల మీదుగా ఎగిరిపోతుంది కనుక చిన్న తుంపర లోపలికి రాదు. అయితే అద్దం వెనుక ఏర్పడే అల్పపీడనం వల్ల గాలి సుడి తిరిగి వెనుక నుంచి మెడ మీదికి వస్తుంది. సీట్ల వెనుక నిలిపే చిన్న వలతెర ఆ సుడిని చెదరగొట్టడానికే. మోటార్‌వే వేగాల్లో చెవి దగ్గర శబ్దం 85 డెసిబెళ్లను దాటగలదు కాబట్టి, దూర ప్రయాణాల్లో పైకప్పు వేసుకోవడం మేలు.

తేలికదనం ఎదురు తిరిగే చోటు కూడా వానే. రోడ్డు మీద నిలిచిన నీటిని టైరు పక్కలకు నెట్టివేయలేకపోయినప్పుడు, నీరు టైరు కిందికి చొరబడి దానిని పైకి ఎత్తివేస్తుంది. ఆక్వాప్లేనింగ్ అనే ఈ స్థితిలో స్టీరింగుకూ బ్రేకుకూ కారు స్పందించదు. నీరు పైకి నెట్టే ఒత్తిడి వేగపు వర్గంతో పెరిగి, టైరులోని గాలి ఒత్తిడిని అందుకున్న క్షణంలో టైరు తేలుతుందని 1960లలో నాసా పరిశోధకులు విమానాల టైర్లపై చేసిన ప్రయోగాల నుంచి ఒక సూత్రం రూపొందించారు. దాని ప్రకారం 35 పీఎస్ఐ గాలి ఉన్న టైరు గంటకు సుమారు 98 కిలోమీటర్ల దగ్గర తేలితే, 26 పీఎస్ఐ ఉన్న టైరు 85 దగ్గరే తేలుతుంది. తేలికపాటి కారుకు టైర్లలో తక్కువ గాలి చాలు; మొదటి తరం ఎమ్ఎక్స్-5కు సిఫారసు చేసిన ఒత్తిడి సరిగ్గా 26. కారు టైర్ల గాడులు నీటిని బాగా తోడివేస్తాయి కనుక ఈ అంకెలను యథాతథంగా తీసుకోనక్కరలేదు గాని, పోలిక దిశ మాత్రం నిజం. టైరు వెడల్పైనకొద్దీ పక్కలకు నెట్టవలసిన నీరు పెరుగుతుంది కనుక, తేలికపాటి కారుకు అందం కోసం వెడల్పు టైర్లు తొడిగించడం ఈ దేశంలో ప్రత్యేకించి అవివేకం. మొదటి ఎలీజ్ ముందు చక్రాలకు 185 మిల్లీమీటర్ల సన్నని టైర్లు పెట్టినవారికి ఆ లెక్క తెలుసు. చట్టం 1.6 మిల్లీమీటర్ల గాడి చాలునన్నా, అంతదాకా ఆగకుండా మార్చుకోవడం రోడ్‌స్టర్ యజమానికి శ్రేయస్కరం.

వాన చేసే మరో పని నిదానమైనది. మొదటి రెండు తరాల ఎమ్ఎక్స్-5లో గుడ్డ పైకప్పు మీది నీరు సీట్ల వెనుకనున్న రంధ్రాల గుండా కిందికి పోవాలి. ఆకులూ మట్టీ చేరి ఆ రంధ్రాలు పూడిపోతే నీరు పొంగి సిల్ దూలాల్లోకి దిగి, లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. ఇటువంటి కారులో మెలికను తట్టుకునే భారంలో అధిక భాగం ఆ దూలాల మీదే ఉంటుంది కనుక, ఇక్కడి తుప్పు పైపై మచ్చ కాదు, చట్రం బలంలోనే కోత. పాత కారు కొనేవారు రంగుకన్నా ముందు వెనుక చక్రాల ఎదుటి సిల్ చివరలను తట్టి చూడడం ఇందుకే.

మార్పిడిలో వదులుకునేవి కూడా తక్కువేమీ కావు. గోల్ఫ్ డిక్కీ 370 లీటర్లకు పైగా పడితే నేటి ఎమ్ఎక్స్-5 డిక్కీ 130 లీటర్లే. సొంత ఊరి నుంచి వచ్చే తల్లిదండ్రులను, వారి పచ్చళ్ల పెట్టెలతో సహా, డబ్లిన్ విమానాశ్రయం నుంచి తీసుకురావాలంటే ఇంట్లో మరో కారు ఉండక తప్పదు. పన్నుల లెక్క మాత్రం కారు వయసును బట్టి తిరగబడుతుంది. 2008 జూలైకి ముందు నమోదైన కార్లకు ఐర్లండ్ ఇంజిన్ పరిమాణాన్ని బట్టి వార్షిక పన్ను వేస్తుంది, ఆ తర్వాతి వాటికి కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాన్ని బట్టి వేస్తుంది. కొత్తగా నమోదు చేసేటప్పుడు చెల్లించే పన్ను అత్యధిక ఉద్గారాల కార్లకు ధరలో 41 శాతం దాకా పోతుంది. ముప్పై ఏళ్లు నిండిన కారుకైతే నమోదు పన్ను 200 యూరోలు, వార్షిక పన్ను 56 యూరోలు. తొలి తరం ఎమ్ఎక్స్-5లు ఆ గీత దాటడం, జపాన్‌లోనూ స్టీరింగ్ కుడివైపే ఉండడం వల్ల అక్కడి పాత రోడ్‌స్టర్లు ఓడల్లో ఐర్లండ్‌కు చేరుతున్నాయి. ఈ పట్టికల్లో ఇంజిన్ ఉంది, పొగ ఉంది, వయసు ఉంది. వ్యాసమంతా చర్చించిన బరువుకు మాత్రం చోటు లేదు. ఫ్రాన్స్ 2022లో 1,800 కిలోలు, 2024లో 1,600 కిలోలు దాటిన కొత్త కార్లపై కిలోల లెక్కన అదనపు రుసుము విధించడం మొదలుపెట్టింది. ఐర్లండ్ ఇంకా ఆ దారి పట్టలేదు.