కామెర్లేనా... కణంలో లోపమా?

చిల్లు పెట్టకుండా నడుమ నొక్కి వదిలేసిన గారెలా ఉంటుంది ఎర్ర రక్తకణం. అందుకే ఎటంటే అటు వంగి, ప్లీహంలోని సన్నటి సందుల్లోంచీ దూరిపోతూ 120 రోజులు బతుకుతుంది. కొందరికి పుట్టుకతోనే దాని పైపొరను పట్టి ఉంచే స్పెక్ట్రిన్, యాంకిరిన్ లాంటి ప్రొటీన్లలో లోపం ఉంటుంది. పొర కొద్దికొద్దిగా ఊడిపోయి కణం గోళీలా తయారవుతుంది. ప్లీహంలో ఇరుక్కుని ముందే చితికిపోతుంది. ఇదే హెరెడిటరీ స్ఫెరోసైటోసిస్.

పిల్లాడి కళ్లు పచ్చబడితే పసరు పోయిస్తారు. పాలిపోతే ఐరన్ టానిక్ పట్టిస్తారు. కొరత ఇనుముది కాదు మరి! తండ్రికో మేనత్తకో చిన్నవయసులోనే పిత్తాశయంలో రాళ్లొచ్చాయా? ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. జబ్బు తీవ్రమైతే, సాధారణంగా ఆరేళ్లు దాటాక, ముందుగా టీకాలు వేసి ప్లీహాన్ని తీసేస్తారు. ఆ తర్వాతా కణాలు గోళీల్లానే ఉంటాయి. కానీ ఎక్కువ రోజులు బతుకుతాయి.