పళ్ళెములోని పాట, ఫోనులోని పాట



సోమశిలలో కృష్ణయొడ్డున నివసించు నా మిత్రులొకరు గడచిన వేసవిలో నన్నొక ప్రశ్న యడిగిరి. ఆయన యింట అటకమీద ఒక రేకుపెట్టె నిండ సీడీలు గలవు. “మనుమడు వీనిని పాతసామానువానికి తూకమునకు వేయుమనుచున్నాడు. పాటలన్నియు ఫోనులోనే వచ్చుచున్నవట. నాకు మాత్రము ఫోనులో ఆ నాదము కానరాదు. దోషము ఫోనుదా, నా చెవులదా?” అనిరి. నాకు వెంటనే సమాధానము తోచలేదు. తరువాత విచారించి తెలిసికొన్నదానిని నేడు మీకు మనవి చేయుచున్నాను.

మొదట సీడీ సంగతి. శ్రీశైలము జలాశయము 885 అడుగులకు నిండుననియు, దాని నీటిమట్టమును నిత్యము కొలచి వ్రాయుదురనియు సోమశిలవారికి చెప్పనక్కరలేదు. ఆ అంకెలను వరుసగా పేర్చినచో నీరెట్లు పొంగెనో, యెట్లు తీసెనో గీత గీసి చూపవచ్చును. నాదమును గాలిలో లేచిపడు అలయే. సీడీ చేయువారు ఆ అల యెత్తును సెకనుకు 44,100 సారులు కొలుతురు. వారి కొలబద్దకు 65,536 గీట్లు. కుడికి వేరుగను, ఎడమకు వేరుగను ఈ కొలతలు సాగును. ఈ యంకెలనే సూక్ష్మమైన గుంటలుగా 12 సెంటీమీటర్ల పళ్ళెముపై ముద్రింతురు. లేసరు కిరణము వానిని చదువును. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి రూపొందించిన యీ పళ్ళెము 1982లో జపానులో మొదట అంగడికి వచ్చెను.

కొలతకును కొలతకును నడుమ పాట కొంత జారిపోవును గదా యని కొంద రందురు. అది పొరపాటు. మనుష్యుని చెవి, యౌవనమున సైతము, సెకనుకు 20,000 కంపనములకు మించినదానిని వినజాలదు. అంతకు రెండింతలకు పైగా కొలతలు తీసినచో ఆ పరిధిలోని అలను యథాతథముగా తిరిగి నిర్మింపవచ్చునని గణితశాస్త్రము నిరూపించినది. వయస్సు మీరినకొలది మన వినికిడి పైనుండి తగ్గుచువచ్చును. అరువది దాటినవారిలో అనేకులకు 12,000 కంపనములకు పైబడినవి వినబడవు. నేనును ఆ జాబితాలోనివాడనే.

ఇక ఫోను సంగతి. సీడీలోని పాటకు సెకనుకు 1,411 కిలోబిట్లు కావలెను. గంటసేపు విన్నచో సుమారు 635 మెగాబైట్లు. ఇంత బరువును మోయలేక పాటను కుదించు ఉపాయము వెదకిరి. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థవారి కృషి ఇందులో ముఖ్యమైనది. దాని ఫలితమే యెంపీత్రీ. దాని కీలకము చెవి బలహీనతయే. జాతరలో డప్పు చెంతనే మ్రోగుచుండగా ప్రక్కనున్న వారి గాజుల సవ్వడి మనకు వినబడదు. వినబడనిదానిని మోయుటెందుకని ఆ భాగమునకు అంకెలు తగ్గించుటయే కుదింపు. తగుమాత్రము తగ్గించిన చెవి పసికట్టలేదు. అత్యాశతో తగ్గించినచో మాత్రము తాళముల ధ్వని నీటిలో మునిగినట్లు వినబడును; మీటిన తీగ మొన మొద్దుబారును.

మన నాగర్‌కర్నూలు జిల్లాలోనే దీనికి మంచి ఉదాహరణము గలదు. లింగాల మండలము అవుసలికుంటకు చెందిన దర్శనము మొగిలయ్యగారి పండ్రెండు మెట్ల కిన్నెరను మీ రెరుగుదురు. వెదురుకోల, ఎండు సొరకాయబుర్రలు, మీటిన తీగలు. 2021లో భీమ్లా నాయక్ చిత్రముపాటలో ఆయన గొంతు విని దేశమంతయు చెవి యొగ్గెను; 2022లో పద్మశ్రీ లభించెను. ఆ పాట ప్రజలకు చేరినది ముఖ్యముగ ఫోనులద్వారానే. కిన్నెరవంటి మీటువాద్యమే కుదింపునకు కఠినపరీక్ష. గాత్రము తట్టుకొనును, మీటు తట్టుకొనదు.

ఫోనులో కుదింపు ఒకే తీరున నుండదు. స్పాటిఫైలో అల్పశ్రేణి సెకనుకు 24 కిలోబిట్లు, సాధారణము 96, అత్యుత్తమశ్రేణి కుదింపు 320. ఇవిగాక, ఏమియు పోగొట్టక సీడీతో సమానముగ పంపు పద్ధతిని ఆపిల్ మ్యూజిక్ 2021లోను, స్పాటిఫై కొందరు చందాదారులకు 2025లోను ప్రవేశపెట్టినవి. మా మిత్రుని ఫోనులో ఏ శ్రేణి యున్నదో చూచితిని. “ఆటోమేటిక్” అని యుండెను. సిగ్నలు తగ్గినప్పుడు పాట ఆగకుండుటకై ఫోను తనంతట తానే నాణ్యము దించును. వారి వసారాలో, నదివైపు, సిగ్నలు నిలుకడగా నుండదు. పల్లవి ఒక తీరున, చరణము వేరొక తీరున వినబడుటకు హేతువదియే. ఆయన చెవులు చెప్పినది నిజము!

అటుపిమ్మట పరీక్ష చేసితిమి. ఒకే పాట, ఒకే స్పీకరు, రెండింటికిని తీగయే. ధ్వని హెచ్చుగనున్నదే మేలుగ దోచును గనుక రెండింటి హెచ్చుతగ్గులను సమానము చేసితిమి. మనుమడు తెరచాటున మార్చుచుండెను. ఏది యేదో మాకు తెలియదు. 320 శ్రేణిలో మేమిరువురమును సీడీని గుర్తింపలేకపోతిమి. 96లో తంబుర శ్రుతివద్ద గుర్తించితిమి. అల్పశ్రేణిని చెప్పనేల! తరువాత చేతిలో పట్టు చిన్న బ్లూటూతు డబ్బాకు మార్చగా భేదములన్నియు మాయమైనవి. బ్లూటూతు పాటను మరల నొకసారి కుదించును. డబ్బాలోని చిన్న స్పీకరు మిగిలినదానిని మింగివేయును. సీడీతో సమానమైన శ్రేణికి చందా కట్టి బ్లూటూతు డబ్బాలో వినుట, మేలైన బియ్యము కొని మాడ్చి వండుటవంటిది.

ఇక రేకుపెట్టె. తెరచి చూడగా నాకు ఆశ్చర్యము గలిగెను. అందు సగమునకు పైగా “ఒకే పళ్ళెములో 150 పాటలు” అని బజారులో కొన్నవి. అసలైన సంగీతపు సీడీలో పట్టునది 74 నుండి 80 నిమిషములే, అనగా పదునైదు పాటలు మాత్రమే. 150 పట్టవలెనన్న ఒక్కొక్క పాటను రమారమి పదునొకండవ వంతునకు కుదింపక తప్పదు. అవి పళ్ళెముపై నున్న యెంపీత్రీలు. ఫోనులోని అత్యుత్తమశ్రేణికన్న తక్కువవి. పళ్ళెము గుండ్రముగనున్నంత మాత్రమున సీడీనాదము రాదు. వానిని మనుమడు కొనిపోవుటకు మిత్రుడు సమ్మతించిరి.

మిగిలినవానిలో ఘంటసాల భగవద్గీత యుండెను. ఆయన 1974లో గతించిన పిమ్మట వెలువడిన దది; పెద్ద రికార్డునుండి క్యాసెట్టునకు, పిదప సీడీకి, ఫోనుకు వచ్చినది. ఇట్టి పాతవాని విషయమున సీడీయా ఫోనా యనుటకంటె, మూలపు టేపునుండి యెవరెంత శ్రద్ధగ తీసిరను ప్రశ్నయే ముఖ్యము. బరబర ధ్వనిని తుడువబోయి తంబురను గూడ తుడిచిన ప్రతులు రెండుచోట్లను కలవు. మిత్రుని పళ్ళెము శుభ్రముగనున్నది, దాని నుంచుకొమ్మంటిని. ఫోనులోని ప్రతి హక్కుదారుల యొప్పందమునుబట్టి మారవచ్చును, ఒకనాడు తొలగిపోవచ్చును గూడ.

పళ్ళెము తుడుచునప్పుడు మెత్తనిబట్టతో నడుమనుండి అంచునకు తుడువుడు, గుండ్రముగ తుడువరాదు. అడ్డముగ బడిన చిన్నగీతను యంత్రము లెక్కగట్టి సరిదిద్దుకొనును. వలయము వెంబడి సాగిన గీతను సరిదిద్దుట కష్టము. పేరు అచ్చువేసిన వైపున గీత పడనీయరాదు. మెరయుపొర దానిక్రిందనే యున్నది.

ఇప్పుడు మిత్రుని యింట తెల్లవారుజామున గీత పళ్ళెమునుండి వచ్చుచున్నది. కిన్నెరపాట ఫోనునుండి: మనుమడు కొల్లాపురము పోయినప్పుడు, సిగ్నలు బాగుగ నున్నచోట, అత్యుత్తమశ్రేణిలో దింపుకొని వచ్చి తీగతో స్పీకరునకు తగిలించుచున్నాడు.