ఊరికి చెందవలసిన కాగితములు



పూర్వము మన ఊళ్ళలో సర్కారువారి మాట యేదైనను జనులకు తెలుపవలసి వచ్చినప్పుడు చాటింపు వేయించెడివారు. శిస్తు గడువైనను, పశువుల టీకాలైనను డప్పుమీదనే తెలిసెడివి. ఆ డప్పు కాలము చెల్లినదని మనము తలచుచున్నాము. కాని కేంద్రప్రభుత్వమువారు 2006 సెప్టెంబరు 14వ తేదీని ప్రకటించిన పర్యావరణ అనుమతుల నోటిఫికేషనులో అది నేటికిని బ్రతికియున్నది. గనియో, పెద్ద కర్మాగారమో నెలకొల్పుటకు ముందు చుట్టుప్రక్కల జనుల అభిప్రాయము వినుటకై ఒక సభ జరుపవలెను. వార్తాపత్రికలు చేరని చోట్ల ఆ సభను గూర్చి డప్పు కొట్టించియు, రేడియోలో చెప్పించియు తెలుపవలెనని అందులో వ్రాసియున్నారు.

ఆ సభకు సంబంధించిన కాగితములను గూర్చియు, వానివంటి మరికొన్నిటిని గూర్చియు నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని. ఒక కర్మాగారము దినమునకు ఎంత నీరు తోడుకొనును, మురుగును ఎచటికి విడుచును, ఏ రసాయనమును ఎన్ని టన్నులు నిలువచేయును అను సంగతులు సర్కారు కచేరీలలో వ్రాతమూలముగా నున్నవి. వానిలో పెక్కింటిని ఊరివారు చూడవచ్చునని చట్టమే చెప్పుచున్నది. అయినను కచేరి బీరువాకును మన రచ్చబండకును నడుమ దారి ముండ్లతో మూసికొనిపోయినది.

ఆ దారి మూసికొనిపోయినచో కలుగు నష్టము సామాన్యమైనది కాదు. విశాఖపట్టణము చెంతనున్న ఆర్.ఆర్. వెంకటాపురమున 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున, జనులు నిద్రలో నుండగా, ఒక ప్లాస్టిక్ కర్మాగారపు ట్యాంకునుండి స్టైరీన్ అను రసాయనపు ఆవిరి వెలువడి ఊరిని క్రమ్మినది. 12 మంది ప్రాణములు కోల్పోయిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. తమ యింటి గోడ ప్రక్కనున్న ట్యాంకులో ఏమున్నదో, అది వెలువడినచో ఏ దిక్కునకు పరుగెత్తవలెనో వారికి ముందుగా చెప్పినవారెవరు? ఆ కర్మాగారమునకు చెల్లుబాటగు పర్యావరణ అనుమతి లేదని యాజమాన్యమువారే 2019లో రాష్ట్రాధికారులకు సమర్పించిన ప్రమాణపత్రమున ఒప్పుకొనియుండిరని ప్రమాదము జరిగిన పిమ్మట పత్రికలలో వెల్లడియైనది. అనగా కాగితము ఏడాదికి ముందే కచేరికి చేరినది. ఊరికి మాత్రము చేరలేదు.

1984లో భోపాలులో జరిగిన ఘోరమును మీరెరుగుదురు. ఆ దుర్ఘటన తరువాత అమెరికా దేశమువారు 1986లో ఒక శాసనము చేసి, ఏ విషద్రవ్యము ఎంత యున్నదో, ఎంత బయటికి విడుచుచున్నదో కర్మాగారములు ప్రజలకు తెలియజేయవలెనని నిర్బంధించిరి. మన ఊరి దుఃఖమునుండి ఆ దేశము ఆ పాఠమును త్వరగా నేర్చుకొనినదని నాకు తోచుచున్నది.

మన దేశములోను నియమములు లేకపోలేదు. ముందు చెప్పిన నోటిఫికేషను ప్రకారము, అనుమతి కోరువారు పరిశ్రమవలన నీటికి, గాలికి, నేలకు కలుగబోవు మార్పులను గూర్చి ముసాయిదా నివేదిక వ్రాయింపవలెను. దాని సంగ్రహము ఇంగ్లీషుతోపాటు స్థానికభాషలోను ఉండవలెను. అది కలెక్టరు కచేరిలోను, జిల్లా పరిషత్తులోను, జిల్లా పరిశ్రమల కార్యాలయములోను, సంబంధించిన స్థానికసంస్థలలోను జనులు చూచుకొనుటకు వీలుగా నుంచవలెను. సభకు కనీసము 30 దినములు ముందుగా పత్రికలలో ప్రకటింపవలెను. చెప్పిన మాటలను వ్రాసికొని, సభ ముగియునప్పుడు స్థానికభాషలో చదివి వినిపింపవలెను. తరువాత పంచాయతీ కార్యాలయములో అందరికి కనబడునట్లు పెట్టవలెను. అన్ని పనులకును ఈ సభ లేదు. చిన్న తరగతి పరిశ్రమలకును, మరికొన్ని పనులకును మినహాయింపులున్నవి.

నేనొక గ్రామమున జరిగిన అట్టి సభకు పోయియుంటిని. షామియానా వేసిరి, కుర్చీలు వేసిరి, పోలీసువారు వచ్చిరి. మాటలాడినవారిలో పెక్కుమంది ఉద్యోగములను గూర్చియే అడిగిరి, అది సహజమే. ఒక వృద్ధ రైతు మాత్రము లేచి, “బాబూ, మీరు తోడు నీరు మా చెరువు క్రింది ఊటదా, ఏటిదా?” అని యడిగెను. వేదికమీదివారు అన్నియు నివేదికలో వివరముగా నున్నవనిరి. నిజమే, ఉన్నవి. ఆ పుస్తకము ముప్పది దినములు పంచాయతీ బీరువాలో తాళముక్రింద సుఖనిద్ర పోయినది. అది వచ్చినదని సర్పంచికి తెలియును, కార్యదర్శికి తెలియును; మూడవవానికి తెలియదు. ఆ రైతు ప్రశ్న మంచిది. కాని పుస్తకము ముందుగా చూచియుండినచో ఆయన, “ఇన్నవ పుటలో ఇంత నీరని వ్రాసితిరి, ఎండకాలమున ఆ నీరు ఎచటనుండి వచ్చును?” అని నిలదీసియుండును. ఆ మాట నమోదైయుండును. నమోదైన ప్రశ్నకు అనుమతి కోరువారు వ్రాతమూలముగా సమాధానము జతపరుపక తప్పదు.

ఇచట ఒక అపోహను గూర్చి చెప్పవలెను. సభకు పోయినచో సమ్మతించినట్లే యగునని తలచి కొన్ని ఊళ్ళవారు మానుకొనుచున్నారు. ఇంతమంది వచ్చిననే సభ చెల్లునను నియమము లేదు. మీరు పోకున్నను సభ జరిగినట్లే లెక్క. కనుక పోయి, వ్రాసి తెచ్చిన కాగితము చేతికిచ్చి, అందినట్లు సంతకము పుచ్చుకొని వచ్చుటయే యుక్తము.

ఇక సభ లేని సంగతుల మాట యేమి? చాలకాలముగా నడచుచున్న కర్మాగారపు మురుగు మన వాగులో కలియుచున్నది, ఎవరి నడుగవలెను? 2005 అక్టోబరు 12వ తేదీనుండి సమాచారహక్కు చట్టము అమలులో నున్నది. అర్జీని తెలుగులోనే వ్రాయవచ్చును. ఎందుకు కావలెనో చెప్పనక్కరలేదు. వ్రాయలేనివాడు నోటితో చెప్పినచో, దానిని వ్రాతలో పెట్టుటకు అధికారియే సహాయపడవలెను. తప్పు కచేరికి పోయినను, ఆ కచేరివారే 5 దినములలో సరియైన కచేరికి పంపవలెను. 30 దినములలో సమాధానమీయవలెను. మనుష్యుని ప్రాణమునకో స్వేచ్ఛకో సంబంధించిన సంగతియైనచో 48 గంటలలో ఈయవలెను. గడువు దాటినచో కాగితములను ఉచితముగా ఈయవలెను. ఆంధ్రప్రదేశమున 2005లో చేసిన నియమములలో గ్రామస్థాయి కార్యాలయములకు రుసుము లేదనియు, మండలస్థాయికి 5 రూపాయలనియు, ఆ పైవానికి 10 రూపాయలనియు నిర్ణయించిరి.

కాగితము నకలు మాత్రమే కాదు. దస్త్రములను కూర్చుండి చూచుటకును, పనిని తనిఖీ చేయుటకును, పదార్థముల నమూనాలను ధ్రువీకరించి తీసికొనుటకును ఆ చట్టమున హక్కు కలదు. ఇది వ్యాపారరహస్యమని అధికారి చెప్పవచ్చును. ప్రజల మేలు అంతకంటె పెద్దదైనప్పుడు ఆ రహస్యమును సైతము వెల్లడింపవలెనని చట్టమే చెప్పుచున్నది. ఊరు త్రాగు నీటికంటె పెద్ద మేలేమున్నది? సమాధానము రాకున్న 30 దినములలో పై అధికారికిని, అటనుండి 90 దినములలో రాష్ట్ర సమాచార కమీషనునకును అప్పీలు చేసికొనవచ్చును. అచట ఆలస్యము కలుగుట నిజమే. అయినను అంచనాకంటె తరచుగా మొదటి అర్జీకే పని జరుగుచుండుట నేను చూచుచున్నాను.

అంతకంటె పాతదియు, పెక్కుమంది మరచినదియు నగు హక్కు ఇంకొకటి యున్నది. నీటి కాలుష్య నివారణకై 1974లో చేసిన చట్టము ప్రకారము, మురుగు విడుచుటకు ఏ షరతులమీద సమ్మతి ఇచ్చిరో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలివారు ఒక రిజిస్టరులో వ్రాసి ఉంచవలెను. ఆ మురుగువలన బాధపడువాడు దానిని తగు వేళలలో చూడవచ్చును. కర్మాగారపు ద్వారమువద్దనే చూడదగినది మరియొకటి. తాము వాడు ప్రమాదకర రసాయనములను, విడుచు మురుగును, పొగను, వ్యర్థములను గూర్చి బయట పలకమీద ప్రకటింపవలెనని సుప్రీముకోర్టువారు 2003 అక్టోబరు 14వ తేదీని ఉత్తరువు చేసియున్నారు. మీరు ఆ దారిని పోవునప్పుడు పలక యున్నదా, అంకెలు క్రొత్తవా, లేక మూడేండ్ల క్రిందటివా అని చూడుడు. ఎవరి అనుమతియు అక్కరలేదు.

నా అభిప్రాయములో అన్నిటికంటె పెద్ద అడ్డు అధికారుల దుర్బుద్ధి కాదు, భాష. సంగ్రహము తెలుగులో వచ్చినను, వందల పుటల పూర్తి నివేదిక సాధారణముగా ఇంగ్లీషులోనే యుండును. అసలు లెక్కలన్నియు అందులోనే. 2020లో ఈ నియమములనే మార్చుటకు కేంద్రమువారు క్రొత్త ముసాయిదా ప్రకటించి జనుల అభిప్రాయము కోరిరి. సభకు ముందు 30 దినముల గడువును 20కి తగ్గింపవలెననియు అందులో నుండెను. దానిని రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలన్నిటిలోనికి అనువదింపుడని ఢిల్లీ హైకోర్టువారు 2020 జూన్ 30వ తేదీని ఆజ్ఞాపించిరి. అభిప్రాయము అడుగబడినవాడు ప్రశ్ననే చదువలేకున్న అడుగుట ఎందుకు? సమాచారహక్కు చట్టము నాలుగవ సెక్షనులో, ఎవరును అడుగకముందే ప్రభుత్వము స్థానికభాషలో, నోటీసు బోర్డులమీదను, పత్రికలలోను, ప్రసారములమూలమునను సంగతులు తెలుపవలెనని యున్నది. ఆ మాటకు ఈ రేడియోయు కట్టుబడినదే.

పంచాయతీలు చేయదగిన పని కష్టమైనది కాదు. నివేదిక వచ్చిన దినమున బోర్డుమీద వ్రాయవలెను; చాటింపు వేయించినచో మరియు మంచిది. బీరువా తాళము తీసి పుస్తకమును బల్లమీద నుంచవలెను. ఊరి బడిపంతులునో, చదువుకొన్న పిల్లవానినో పిలిపించి నీరు, మురుగు, ప్రమాదము అను మూడు భాగములను గ్రామసభలో తెలుగున చెప్పింపవలెను. చేతిలో ఫోనున్న మనుమడు 2018లో కేంద్రమువారు నెలకొల్పిన ‘పరివేష్’ అను అంతర్జాలస్థానమున అనుమతుల కాగితములను వెదకి చూపగలడు.

అనుమతి వచ్చినంతమాత్రమున వ్యవహారము ముగియదు. షరతులను ఎంతవరకు పాటించిరో ఆరునెలలకొకసారి యాజమాన్యమువారు నివేదిక పంపవలెను. అది ప్రజల కాగితమేనని నోటిఫికేషనులో స్పష్టముగా వ్రాసియున్నారు. గడువు తేదీలు జూన్ 1, డిసెంబరు 1. అర్జీలో మూడు పంక్తులు చాలును: కర్మాగారము పేరు, ఊరు, కడపటి రెండు నివేదికల నకళ్ళు కావలెనను మాట. ఆ తేదీలు గడచిన వారమునకు అర్జీ వేసినచో, ఆ అర్ధసంవత్సరపు నివేదిక చేరినదో లేదో కూడ సమాధానములోనే తెలియును.