కామెర్లకు దారి తాగే నీళ్లే

కడెం కింద గానీ, మానేరు కింద గానీ నాట్లు ఊపందుకునేసరికి వాగుల్లో, బావుల్లో కొత్తనీరు చేరుతుంది. దాంతోపాటు ఊరి మురుగూ చేరుతుంది. కలుపు తీసే వేళకు ఇంట్లో ఒకరికి అన్నం సహించదు. వాంతులు, నీరసం, మూత్రం పచ్చగా రావడం, ఆనక కళ్లు పచ్చబడడం. ‘కామెర్లయినయి, పసరు పోయించుండ్రి’ అంటారు ఇరుగుపొరుగు.

నీటి ద్వారా వచ్చే ఈ కామెర్లకు ముఖ్య కారణాల్లో ఒకటి హెపటైటిస్-ఇ వైరస్. రోగి మలంతో బయటపడి, తాగేనీటిలో కలిసి మరొకరి కడుపులోకి పోతుంది. జబ్బు బయటపడడానికి రెండు నుంచి పది వారాలు పడుతుంది. అందుకే ఏ నీళ్లతో వచ్చిందో ఎవరికీ గుర్తుండదు.

పసరుతో తగ్గిందనేవాళ్లు అబద్ధమాడడం లేదు. చాలామందికి రెండు నుంచి ఆరు వారాల్లో అదంతట అదే తగ్గుతుంది. పేరు పసరుకు వస్తుంది!

కానీ గర్భిణి సంగతి వేరు. ఏడో నెల దాటాక ఈ జబ్బు సోకితే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోయే ప్రమాదముంది. బిడ్డా దక్కకపోవచ్చు. మన ఆడవాళ్లు నెలలు నిండేదాకా నాట్లకు పోతారు, దప్పికైతే కాల్వ నీళ్లే తాగుతారు. గర్భిణి కళ్లు పచ్చబడితే పసరు కోసం ఒక్క పూట కూడా ఆగకండి. 108కు ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకుపోండి. మాట తడబడినా, మగతగా ఉన్నా, రక్తం కారినా ఎవరికైనా ప్రాణాపాయమే.

పథ్యం పేరిట రోగి కడుపు మాడ్చకండి. కల్లు, సారా మాన్పించండి. డాక్టరును అడగకుండా పారాసిటమాల్ బిళ్లలు వేయకండి.

‘భగీరథ నల్లా ఉంది, మాకేం భయం’ అంటారా? 2005లో హైదరాబాద్‌లో ఈ కామెర్లు పాకింది నల్లా నీళ్లతోనే. మురుగుకాల్వలను దాటే పైపుల్లోకి మురుగు చేరింది. మీ వాకిట్లో చూడండి. నీళ్లు జోరుగా రావాలని గుంత తవ్వి నల్లా పెడతాం. సరఫరా ఆగగానే గుంతలోని మురికినీళ్లను పైపు లోపలికి గుంజుకుంటుంది. గుంత పూడ్చి నల్లా పైకెత్తించండి.

బ్లీచింగ్ ఒక్కటే నమ్ముకుంటే చాలదు. 1955-56లో ఢిల్లీలో యమున నీళ్లలో మురుగు కలిస్తే క్లోరిన్ ఎక్కువ కలిపారు. టైఫాయిడ్ పెరగలేదు గానీ 29 వేల మందికి పైగా కామెర్లు వచ్చాయి. ప్రపంచంలో 2015లో ఈ జబ్బుతో 44 వేల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. టీకా చైనాలో 2011లో వచ్చింది, మన సర్కారు దవాఖానాల్లో వేసే టీకాల్లో అది లేదు.

బావి నీళ్లయినా, గూడెంలో చెలిమె నీళ్లయినా, నల్లావైనా వానాకాలంలో తెర్లేదాకా కాచి చల్లార్చండి. కట్టెలు ఖర్చవుతాయి, నిజమే. కనీసం గర్భిణికైనా కాచి ఇవ్వండి, పొలానికీ అవే సీసాలో పోసి పంపండి. వాడకట్టులో ఇద్దరికి కళ్లు పచ్చబడితే ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో అదే రోజు చెప్పి నీళ్లు పరీక్షకు పంపమని గట్టిగా అడగండి.