బ్యాటరీ బండికి పాత ఛార్జరు: ఎంపిక, పరీక్ష

గ్రామ పారిశుధ్యము పంచాయతీ బాధ్యతలలో ముఖ్యమైనది. ఇంటింట చెత్తను సేకరించి, చెత్త నుండి సంపద తయారుచేయు కేంద్రమునకు చేర్చుటకు నేడు కొన్ని పంచాయతీలు బ్యాటరీ బండ్లను వాడుచున్నవి. గోల్ఫ్ మైదానములలో ఆటగాండ్రను త్రిప్పు బండియు, రైల్వే స్టేషన్లలో వృద్ధులను మోయు బండియు, మన చెత్త బండియు ఒకే జాతివి. బాపట్ల జిల్లాలోని వేటపాలెము వంటి ఊళ్లలో, మగ్గముల ఇండ్ల నడుమ ఇరుకు సందులలో తిరుగుటకు, పొగయు రొదయు లేని ఇట్టి బండి మిక్కిలి అనువైనది.

అయితే బండికి ప్రాణము బ్యాటరీ. బ్యాటరీకి ఆహారము పెట్టునది ఛార్జరు. ఛార్జరు చెడినపుడు, సొమ్ము చాలదని పాతదానిని కొనుట తప్పు కాదు. కాని పరీక్షింపక కొన్నచో, కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినట్లగును. ఏలయన, బ్యాటరీల వెల ఛార్జరు వెలకు పలు రెట్లు. సరిపడని ఛార్జరు కొలది నెలలలోనే వానిని పాడుచేయగలదు. కావున పంచాయతీ సభ్యులకు ఉపకరించు కొన్ని విషయములను ఇచ్చట వివరింతుము.

మొదట బ్యాటరీని తెలిసికొనుడు

అంగడికి పోవుటకు ముందు బండి క్రింద నున్న బ్యాటరీలను చూడవలెను. సీసపు బ్యాటరీలో ఒక్కొక్క గదికి సుమారు 2 వోల్టుల శక్తి యుండును. 12 వోల్టుల బ్యాటరీలు నాలుగింటిని వరుసగా కలిపినచో 24 గదులు, 48 వోల్టులు అగును. బ్యాటరీపై ఆంపియర్-గంటల లెక్క వ్రాసియుండును. అది 100 అయినచో, ఛార్జరు ఇచ్చు విద్యుత్తు అందు పదవ వంతు, అనగా 10 ఆంపియర్లు లేక కొంచెము హెచ్చుగా ఉండవలెను. 5 ఆంపియర్ల ఛార్జరు రాత్రియంతయు పనిచేసినను కడుపు నిండదు. 30 ఆంపియర్లది బ్యాటరీని వేడెక్కించి చెరచును.

మరియొక ముఖ్య విషయము. కొన్ని బండ్లలో సీసపు బ్యాటరీలకు బదులు లిథియము బ్యాటరీలు ఉన్నవి. రెండింటికిని వోల్టులు సమీపముగనే కనబడినను, ఒకదాని ఛార్జరును మరియొకదానికి వాడరాదు. లిథియము విషయమున ఈ పొరపాటు అగ్నిప్రమాదమునకు దారితీయవచ్చును. ఛార్జరుపై గల రేకును చదువుడు. రేకు లేనిదానిని, అక్షరములు చెరిపివేసినదానిని కొనకుడు.

కరెంటు పెట్టకముందు

వేటపాలెము సముద్రమునకు చేరువ. ఉప్పుగాలికి ఇత్తడి, రాగి, ఇనుము త్వరగా చిలుము పట్టును. కావున క్లిప్పులపై పచ్చని చిలుము, పెట్టెలో త్రుప్పు, కరగిన ప్లగ్గు, కమిలిన వాసన, అతుకులు వేసిన తీగ ఉన్నవేమో చూడవలెను. గాలిపంకా చేతితో త్రిప్పినచో తేలికగా తిరుగవలెను.

పిదప విద్యుత్తు పనివానిచే మల్టీమీటరుతో రెండు పరీక్షలు చేయించుడు. ప్లగ్గులోని ఎర్తు పుల్లకును, ఇనుప పెట్టెకును సంబంధము ఉండవలెను. మిగిలిన రెండు పుల్లలకును పెట్టెకును సంబంధము ఉండరాదు. ఈ రెంటిలో ఏది తప్పినను ఆ ఛార్జరు మనకు వలదు. తడి చేతులతో దానిని తాకునది పారిశుధ్య కార్మికుడే యని మరువరాదు.

మన బ్యాటరీపైననే పరీక్ష

అంగడిలో దీపము వెలిగినంత మాత్రమున ఛార్జరు మంచిదని తలపరాదు. బ్యాటరీ తగిలింపనిదే విద్యుత్తు ఇయ్యని ఛార్జర్లు పెక్కు గలవు. కావున ఒక దినము తిరిగివచ్చిన మన బండికే దానిని తగిలించి, గంట కొకసారి వోల్టులను, ఆంపియర్లను పుస్తకమున వ్రాయవలెను.

మంచి ఛార్జరు మొదట నిండుగా ఆంపియర్లను ఇచ్చును; వోల్టులు మెల్లగా పెరుగును. 48 వోల్టుల సీసపు బ్యాటరీకి అవి 57 లేక 58 దాకా పోయి నిలుచును. పిమ్మట ఆంపియర్లు తగ్గుచు రెండు మూడింటికి దిగును. తుదకు ఛార్జరు తానే ఆగును, లేదా తక్కువ వోల్టులకు మారును.

వోల్టులు 60 దాటి పెరుగుచు, ఆంపియర్లు తగ్గకున్నచో అది బ్యాటరీని ఉడికించు ఛార్జరు, వెంటనే ఆపుడు. రాత్రియంతయు ఉంచినను 53 దగ్గరనే నిలిచినచో బ్యాటరీ అరకడుపుతో నుండి, పలకలపై తెల్లని పొర గట్టి చెడును. అయితే నాలుగింటిలో ఒక్క బ్యాటరీయే వెనుకబడియున్నచో, దోషము ఛార్జరుది కాక ఆ బ్యాటరీది కావచ్చును.

ఛార్జి ముగిసి కొన్ని గంటలు విశ్రాంతి నిచ్చిన పిమ్మట మొత్తము 50.8 వోల్టుల ప్రాంతమున ఉండవలెను. మూత తీయదగిన బ్యాటరీలలో హైడ్రోమీటరుతో ప్రతి గదిని చూచుటయు మంచిదే. గదుల నడుమ 0.030 మించి తేడా రారాదు. 48 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీ పూర్తిగా ఖాళీయై నిండుటకు సుమారు 6 యూనిట్లు కావలెను. మీటరు అంతకు చాల హెచ్చు చూపినచో కారణము విచారింపవలెను. పల్లెలలో సాయంకాలము వోల్టేజి తగ్గుట కద్దు గనుక, ఈ పరీక్ష ఉదయమొకసారి, సాయంకాలమొకసారి చేయుట క్షేమము.

జాగ్రత్తలు

ఛార్జి అగునపుడు సీసపు బ్యాటరీలనుండి హైడ్రోజను వాయువు వెలువడును. గాలిలో అది నూటికి నాలుగు వంతులు చేరినచో నిప్పు రవ్వకు ప్రేలగలదు. కావున గాలి తగులు చోటనే ఛార్జి చేయుడు, దగ్గర బీడీ వెలిగింపనీయకుడు, పిల్లలను చేరనీయకుడు. ముందుగా క్లిప్పులు పెట్టి, తరువాత స్విచ్చి వేయవలెను. తీయునపుడు స్విచ్చి ముందు ఆపవలెను. శుద్ధజలమును ఛార్జి ముగిసిన తరువాతనే పోయుడు. పలకలు బయట పడియున్నచో మాత్రము అవి మునుగునంతవరకు ముందే పోయవలెను. ఆమ్లము చర్మముపై బడినచో వెంటనే నీటితో చాలసేపు కడుగవలెను. చెడిన బ్యాటరీలను వీధి అమ్మకందారుల కీయక, 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము నమోదైన సంస్థలకే అప్పగింపవలెను.

కొనుగోలు

తీర్మానము, కొటేషన్లు ఎట్లును ఉండును. వానితోపాటు ఏడు రాత్రులు మన బండిపై పనిచేసిన పిదపనే సొమ్ము చెల్లింపబడునని వ్రాయించుకొనుడు. పరీక్షా పుస్తకమును పంచాయతీ కార్యాలయముననే యుంచుడు. ఈ షరతునకు ఒప్పుకొనని వర్తకునివద్ద కొనకుండుటయే లాభము.

ఊరి సొమ్ము నూలుపోగు వంటిది. ఒక్క పోగు తెగినను నేతగాడు మగ్గమాపి అతుకును. అట్లే ఒక్క అంకె తప్పినను ఆగి చూచు సభ్యులున్న గ్రామమున బండి ఆగదు, వీధి చెడదు.