కోనసీమకు గెస్టు ఆర్టిస్టులొచ్చారు!

సైబీరియా నుంచి, టిబెట్ నుంచి... కాల్షీట్లు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా!

కోనసీమ అనగానే సినిమా అభిమానికి ఏం గుర్తొస్తుంది? కొబ్బరితోట, పడవ, రేవు, రేవులో బిందె ముంచే హీరోయిన్! 1964లో ‘మూగమనసులు’ గోదావరిని తెరమీదికి తెచ్చింది. 1967లో బాపుగారు తమ తొలి చిత్రం ‘సాక్షి’ని ఆత్రేయపురం దగ్గర పులిదిండిలో తీశారు. 1973లో ‘అందాల రాముడు’ పడవెక్కాడు. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ కొత్తతరాన్ని మళ్ళీ లాంచీ ఎక్కించింది. ఇన్ని సినిమాల్లో గోదావరి కనబడింది. దానిమీద ఎగిరేవాళ్ళు మాత్రం ఏ లాంగ్ షాట్‌లోనో చుక్కల్లా కనబడి మాయమైపోయారు.

మనవాళ్ళకి పక్షులంటే ఇష్టం లేదనడానికి లేదు. ‘చిలకా గోరింక’ (1966) వుంది, ‘చిలకమ్మ చెప్పింది’ (1977) వుంది. పాటల్లో కోయిల కూయని సీజను లేదు, హంసనడక లేని హీరోయిన్ లేదు. కానీ లెక్క తీస్తే చిలక, గోరింక, కోయిల, హంస... ఈ నలుగురే! మిగతా ఆర్టిస్టులకు ఇంకా ఛాన్సు రాలేదు.

చిత్రమేమిటంటే, కోనసీమలో ఒక నదికే పక్షి పేరు వుంది. వైనతేయుడంటే వినత కొడుకు, అంటే గరుత్మంతుడు. ఆయన పేరు మీద పారే పాయే వైనతేయ. బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన మీద కాసేపు ఆగి పైకి చూడండి. తెల్లని తల, ఇటుకరంగు రెక్కలతో గుండ్రంగా తిరిగే గద్ద కనబడితే మన పెద్దవాళ్ళు గరుడ అని దణ్ణం పెట్టుకునేది దానికే. నది పేరు కిందా, నది పేరుగలవాడు పైనా... ఇంతకంటే మంచి టైటిల్ షాట్ ఏ డైరెక్టరుకి దొరుకుతుంది?

కొండ కాదు, బురద!

పక్షుల్ని చూడడానికి సెలవు పెట్టి ప్రయాణం కట్టడం బయటిదేశాల్లో పెద్ద సరదా. స్కాట్లాండు తీరంలో బాస్ రాక్ అని సముద్రం మధ్య ఒక రాతిగుట్ట వుంది. గానెట్ అనే తెల్లని సముద్రపక్షులు దానిమీద ఎంత కిక్కిరిసి గూళ్ళు పెడతాయంటే, దూరం నుంచి చూస్తే గుట్టకి సున్నం కొట్టినట్టుంటుంది. ఆ ఉత్తర తీరాల్లో చలిగాలీ, నిట్టనిలువు కొండలూ, కింద విరుచుకుపడే అలలూ. దుర్భిణీ మెడలో వేసుకుని జనం గంటల తరబడి నిలబడతారు.

మన తీరంలో ఆ కొండలు లేవు. గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు వుంది. ఇసుకదిబ్బ, మడ అడవి, అడుగు పెడితే మోకాలి దాకా దిగిపోయే బురద వున్నాయి. ‘ఛీ, బురదా?’ అనకండి. ఆ బురదే అసలు హోటలు! అందులో పురుగులు, బుల్లిపీతలు, నత్తలు, రొయ్యపిల్లలు బోలెడు. సముద్రానికి ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి తగ్గగానే విస్తరి వేసినట్టే. పోటు వచ్చి నీళ్ళు ఎక్కగానే విస్తరి ఎత్తేసినట్టే. రోజుకు రెండుసార్లు ఈ భోజనాలు జరుగుతాయి.

చలికాలంలో ఉత్తరాన మంచు కప్పేస్తే అక్కడి పక్షులకు తిండి వుండదు. అందుకని మధ్య ఆసియా మీదుగా దక్షిణానికి దిగివస్తాయి. కొంకి ముక్కుతో వుండే పెద్ద ఉల్లంకి, అదే ఇంగ్లీషువాళ్ళు కర్లూ అనేది, సైబీరియా వైపు నుంచి వస్తుంది. పిడికెడంత వుండే ఇసుకపిట్ట, శాండ్ ప్లోవర్, హిమాలయాల పైనా టిబెట్ పీఠభూమిలోనూ పిల్లల్ని పెంచి మన బురదకి దిగుతుంది. గోధుమతల సముద్రకాకి లడఖ్, టిబెట్ సరస్సుల్లో పుట్టి మన రేవుల్లో వేటపడవల వెంట తిరుగుతుంది.

వీటి దమ్ము సంగతి వింటారా? గాడ్విట్ అని మన తీరాలకూ వచ్చే జాతి ఒకటుంది. దాని అమెరికా బంధువు ఒకటి, ట్రాన్స్‌మిటర్ తగిలించుకున్న నెలల పిల్ల, 2022 అక్టోబరులో అలాస్కాలో లేచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో వాలింది. 11 రోజులు, 13,560 కిలోమీటర్లు. మధ్యలో వాలలేదు, తినలేదు, తాగలేదు! మన హీరోగారు డూప్ లేకుండా ఫైట్ చేశాడని పోస్టరు వేసుకుంటాం... దీనికేం పోస్టరు వేద్దాం చెప్పండి?

ఎవరి పాత్ర వారిది

బురదమీద వంద పక్షులు కలిసి మేస్తున్నా తగువు వుండదు. కారణం ముక్కులో వుంది. పొడుగు కొంకి ముక్కువాడు లోతున దాక్కున్న పీతనీ పురుగునీ లాగుతాడు. మధ్యరకం ముక్కున్న ఉల్లంకులు పైపొరల్లో పొడుస్తూ పోతాయి. పొట్టిముక్కు ఇసుకపిట్టది వేరే స్టయిలు. నాలుగడుగులు పరుగు, టక్కున ఆగుడు, చూసిన చోట ఒక్క పోటు, మళ్ళీ పరుగు! ఈ నడక ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు, పుస్తకం తిరగేయకుండానే సగం పక్షుల్ని కనిపెట్టేయొచ్చు.

ఇక చూసి తీరవలసిన స్టారు ఒకటుంది, ఇండియన్ స్కిమ్మర్. నలుపు తెలుపు వొళ్ళు, నారింజరంగు ముక్కు. ఆ ముక్కులో కింది భాగం పొడుగు, పై భాగం పొట్టి. నోరు తెరిచి, కింది ముక్కుతో నీటిని దున్నుకుంటూ ఎగురుతుంది. చేప తగిలిందా, టప్పున నోరు మూసేస్తుంది. వేసవిలో చంబల్, మహానది ఇసుకతిన్నెలమీద గుడ్లు పెట్టి, చలికాలం కాకినాడ సముద్రపు ఇసుకమేటల మీదికి గుంపుగా వస్తుంది. ఇది అంతరించిపోయే ప్రమాదంలో వున్న జాతి. ప్రపంచంలో చాలామంది పక్షిప్రేమికులు ఫొటోలో చూసే ఆర్టిస్టు, అమలాపురం కుర్రాడికి బస్సు దూరంలో వుందన్నమాట!

లొకేషన్లు ఇవిగో

అంతర్వేది: సఖినేటిపల్లి రేవు దాటి వెళ్ళేవాళ్ళు కొందరు, రాజోలు మీదుగా వచ్చేవాళ్ళు కొందరు. స్వామి దర్శనం చేసుకుని అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు నడవండి. వసిష్ఠ సముద్రంలో కలిసేది అక్కడే. ఉదయం పూట టెర్న్‌లు నీళ్ళలోకి బాణాల్లా దూకుతుంటాయి.

ఓడలరేవు: వైనతేయ సముద్రంలో కలిసే చోటు. నది ముఖం దగ్గర ఇసుకమేటల్ని దుర్భిణీతో వెతకండి. ఉప్పలగుప్తం మండలంలోని ఎస్. యానాం బీచి కూడా ఈ కోవదే. సందడి వున్న చోటు వదిలి ఒక మైలు నడిస్తే గాని పక్షి కనబడదు.

ఎదుర్లంక: అమలాపురం ఎం.పి.గా, లోక్‌సభ స్పీకరుగా వున్న బాలయోగిగారి పేరున్న వంతెన యానాంనీ కోనసీమనీ కలుపుతోంది. దానికింద గౌతమి పాయ విశాలంగా వుంటుంది. నీటికాకులు కర్రలమీద రెక్కలు ఆరేసుకుంటూ కనబడతాయి.

కోరంగి: యానాం దాటి కాకినాడ దారిలో వస్తుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ మడ అడవి సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మడచెట్ల మధ్య నుంచి చెక్కవంతెన మీద నడవొచ్చు. నూట ఇరవైకి పైగా పక్షిజాతులు, నీటికుక్కలు, చేపలుపట్టే అడవిపిల్లి ఇక్కడి నివాసులు. ఎదురుగా సముద్రంలో వున్న హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి.

సముద్రం దాకా వెళ్ళే తీరిక లేదా? కొత్తపేట, ముమ్మిడివరం కాలవగట్టు మీద సైకిలు తొక్కినా చాలు. కరెంటు తీగమీద లకుముకి, దున్నిన చేలో తెల్లకొంగలు, తాటాకులకు వేళ్ళాడే గిజిగాడి గూళ్ళు... ఇవన్నీ లోకల్ ఆర్టిస్టులు, ఏడాది పొడుగునా కాల్షీట్లు ఫ్రీ!

ఒక ఫ్లాష్‌బ్యాక్

ఇంతవరకూ సరదా కథ. ఇప్పుడు కాస్త బరువైన రీలు.

1946లో కె.కె. నీలకంఠన్ కొల్లేరు ప్రాంతంలో గూడబాతుల కాలనీని కనుగొన్నారు. తర్వాత ‘ఇందుచూడన్’ పేరుతో మలయాళంలో పక్షుల పుస్తకం రాసి ప్రసిద్ధుడైనాయన ఈయనే. అప్పుడు అక్కడ గూళ్ళు కట్టిన గూడబాతులు సుమారు 3,000. సరిగ్గా మూడు దశాబ్దాలు కూడా గడవలేదు. 1975 నాటికి ఆ కాలనీ ఖాళీ! ఏ పక్షీ ‘వెళ్ళొస్తా’ అని చెప్పి వెళ్ళదు. ఒక ఏడు తక్కువొస్తాయి, మరో ఏడు ఇంకా తక్కువొస్తాయి, ఆ పై ఏడు చెట్లు మాత్రం మిగులుతాయి.

అయితే ఈ కథకి ఇంటర్వెల్ తర్వాత సగం కూడా వుంది. కైకలూరు దగ్గర ఆటపాకలో నీళ్ళ మధ్య ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. చెట్లు లేకపోతేనేం, గూడబాతులు వాటిమీదే కాపురం పెట్టాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో వూరి చెరువే పక్షుల కేంద్రమైంది. వూరివాళ్ళు వాటిని తమ పిల్లల్లా చూసుకున్నారు. సూళ్ళూరుపేటలో 2001 నుంచి ఫ్లెమింగో పండగే పెట్టారు. పులికాట్ రాజహంసల్ని చూడడానికి జనం తిరునాళ్ళకి వచ్చినట్టు వస్తారు. అంటే, పోయినవాళ్ళు తిరిగొస్తారు. కానీ పిలిచేవాళ్ళుండాలి.

విలన్ ఎవరు?

కోనసీమలో ఆ పిలుపు సన్నగిల్లుతోందా అన్నదే ప్రశ్న. మడచెట్టు నరికి చెరువు తవ్వితే రొయ్య పండుతుంది, నిజమే. ఆ రొయ్యమీద బతికే కుటుంబాలూ వున్నాయి, వాళ్ళని విలన్లనలేం. కాని మడ అడవి పక్షికి మాత్రమే గూడు కాదు. 1839 నవంబరు తుఫానులో కోరంగి రేవు పట్నం ఉప్పెనకి కొట్టుకుపోయింది, మళ్ళీ పాత వైభవానికి రాలేదు. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమ కొబ్బరితోటల్ని నేలకూల్చిన తీరు మీ నాన్నగారిని అడగండి, కళ్ళకు కట్టినట్టు చెబుతారు. సముద్రం మీదికొచ్చిన రోజున ముందు నిలబడి దెబ్బకాసేది ఆ మడచెట్టే. చేపపిల్ల, పీతపిల్ల పెరిగేది దాని వేళ్ళ సందుల్లోనే. అంటే వేటకి వెళ్ళే కుటుంబానికి పెట్టుబడి అదే.

ఇక మనలాంటి సరదారాయుళ్ళ వంతు. బీచి ఇసుకమీద కార్లు పరిగెత్తించడం, గుంపు మీదికి డ్రోను ఎగరేయడం, ఫొటో కోసం పక్షుల్ని తరిమి లేపడం... వేలమైళ్ళు ఎగిరొచ్చి అలిసిన పిట్ట తిండి మానేసి లేచిందంటే, తిరుగుప్రయాణానికి దాచుకున్న కొవ్వు కరిగిపోయినట్టే. మార్చిలో బయల్దేరాల్సిన పిట్టకి దారిలో పెట్రోలు అయిపోతుంది. పిట్టమాంసం సరదా వున్నవాళ్ళకి ఒక్క మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇంకా అమల్లోనే వుంది!

టికెట్టు లేని మాట్నీ

ఖర్చు ఎక్కువనుకోకండి. దుర్భిణీ ఎనిమిది రెట్లు పెంచి చూపేదైతే చాలు. నలుగురు స్నేహితులు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. ఎర్రచొక్కా, తెల్లచొక్కా ఇంట్లో వదిలి మట్టిరంగు బట్టలు వేసుకోండి. ఒక చిన్న కిటుకు: పూర్తిగా ఆటు వున్నప్పుడు వెళ్తే పక్షులు దూరాన చుక్కల్లా వుంటాయి. పోటు మొదలయ్యే వేళకి వెళ్ళి కూర్చోండి. నీళ్ళు ఎక్కేకొద్దీ అవే మీ వైపు జరుగుతూ వస్తాయి. పోటు వేళలు వేటకెళ్ళే బాబాయినెవరినైనా అడగండి, వేళ్ళమీద లెక్కేసి చెప్పేస్తాడు. అమావాస్య, పున్నమి రోజుల్లో నీళ్ళు బాగా ఎక్కి దిగుతాయి, అప్పుడే ఆట రసవత్తరం.

సంక్రాంతి సెలవులకి ఇంటికొస్తారుగా! కనుమనాడు జగ్గన్నతోట ప్రభలతీర్థం చూడండి, పూతరేకులు తినండి, మర్నాడు తెల్లవారుజామున సముద్రం వైపు కదలండి. చూసిన పక్షి పేరు, సంఖ్య, చోటు, తేదీ ఒక నోటుబుక్కులో రాయండి. జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది, 1987 నుంచి జరుగుతోంది. ఫిబ్రవరిలో కాలేజీ ఆవరణల్లో, పెరళ్ళలో పక్షుల్ని లెక్కపెట్టే కార్యక్రమం వుంటుంది. మీ ఫోనులో ఈ-బర్డ్ వుంటే మీ లెక్క ప్రపంచం లెక్కలో చేరుతుంది. కొల్లేరు గూడబాతులు 3,000 అని మనకీ రోజు తెలిసిందంటే ఎవరో ఒకరు ఆనాడు లెక్కపెట్టి రాసిపెట్టడం వల్లనే కదా.

మనకి నచ్చిన సినిమా రెండోసారి చూడాలంటే టికెట్టు కొంటే సరి. ఈ ఆర్టిస్టుల్ని వచ్చే ఏడు మళ్ళీ చూడాలంటే మాత్రం బురదని బురదగానే వుండనివ్వాలి. బయానా అంతే, అడ్వాన్సూ అంతే. ఏమంటారు?