గడియారముల మరమ్మతుకు చిన్న లేతు: కొనుటకు ముందు, కొన్న తరువాత

విజయవాడ నుండి మచిలీపట్నము పోవు రహదారిని గుడివాడ దారియు, చల్లపల్లి దారియు కలిసికొను పామర్రు వంటి కూడలి ఊళ్ళలో గడియారములు బాగుచేయు చిన్న అంగడి ఒకటి రెండైనను ఉండుట వాడుక. నేడు అట్టి అంగడికి వచ్చు పనిలో అధిక భాగము బ్యాటరీ మార్చుట, పట్టీ వేయుట. అయినను తండ్రి తాతలు ధరించిన కీ ఇచ్చు చేతిగడియారమును పెట్టెలోనుండి తీసి తెచ్చి, ఎంతైనను ఇత్తుము, నడచునట్లు చేయుడని అడుగువారు లేకపోలేదు. చిక్కెల్ల ఇచ్చటనే ఉన్నది.

బెంగుళూరులో హిందూస్తాన్ మెషీన్ టూల్స్ సంస్థ జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారముతో నెలకొల్పిన కర్మాగారము నుండి 1961లో మొదటి గడియారములు వెలువడినవి. తరువాత కొన్ని దశాబ్దములు మన పల్లెలలో పెండ్లికుమారుని చేతికి ఎచ్.ఎం.టి. గడియారము పెట్టుట మర్యాదగా నుండెను. హైదరాబాదులో ఆల్విను సంస్థయు గడియారములను తయారుచేసినది. ఆల్విను గడియారములు ముందే నిలిచిపోయినవి, ఎచ్.ఎం.టి. వాచీల సంస్థ మూసివేతకు కేంద్ర మంత్రివర్గము 2016లో ఆమోదము తెలిపినది. కావున ఇప్పుడు భాగము విరిగినచో, మరియొక పాత గడియారమును విప్పి తీసినదైన కావలెను, లేదా చేతితో చేసినదైన కావలెను. చేతితో చేయుటకు లేతు కావలెను.

చేతిగడియారములో బాలెన్సు చక్రమునకు ఒక ఇరుసు కలదు. దాని రెండు కొనలు సుమారు 0.10 మిల్లీమీటరు లావున, తలవెండ్రుక కంటె కొంచెమే మందముగా నుండును. గడియారము రాతినేలపై పడినప్పుడు మొదట విరుగునవి ఈ కొనలే. అదురు తట్టుకొను స్ప్రింగు అమరిక గలవానిలో ఈ భయము తక్కువ. అంతకు ముందు కాలపు స్విస్ గడియారములలో ఎక్కువ. విరిగిన ఇరుసును చక్రము నుండి గుద్ది ఊడదీసినచో చక్రపు రంధ్రము పెద్దదై, చక్రమే పాడగును. లేతుపై ఎక్కించి, ఇరుసు అంచును ఉలితో కోసి తీయుట సరియైన పద్ధతి.

ఏటికొప్పాకలో కర్రబొమ్మలు చేయువారి తరిమెనను చూచినవారికి ఈ యంత్రమును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. పని అదియే, కొలత మాత్రము చిన్నది. అమెరికాలో వెబ్‌స్టర్, విట్‌కూంబ్ అను ఇద్దరి పేర 1889లో వచ్చిన నమూనా పెక్కు దేశములకు ప్రమాణమైనది. జర్మనీకి చెందిన బోలీ, లోర్చ్ లేతులు, స్విట్జర్లాండుకు చెందిన బెర్జియాన్ లేతులు కూడ పేరు పొందినవి. యంత్రమంతయు ఒక చిన్న పెట్టెలో ఇమిడిపోవును.

పాత లేతు కొనువారు మొదట చూడవలసినది యంత్రపు మెరుగు కాదు, దానితో వచ్చు కోలెట్లు. కోలెట్టనగా పనివస్తువును బిగించి పట్టు చీలిక గొట్టము. దానిపై చెక్కిన అంకె రంధ్రపు కొలతను మిల్లీమీటరులో పదవ వంతులుగా తెలుపును. 10 అని యున్నచో 1 మిల్లీమీటరు. ప్రతి కోలెట్టు తన కొలతకు మిక్కిలి దగ్గర నున్న కడ్డీని మాత్రమే నిటారుగా పట్టును. లావు కడ్డీని బలవంతముగా దూర్చినచో దాని నోరు వెడల్పై శాశ్వతముగా చెడును. కావున నాలుగైదు కోలెట్లతో చౌకగా వచ్చు లేతు కంటె, నలుబది కోలెట్లతో కొంత ప్రియముగా వచ్చునదియే నిజమునకు చౌక. విడిగా కోలెట్లు కొనబోవువారికి మరియొక హెచ్చరిక: 8 మిల్లీమీటరుల కోలెట్లన్నియు ఒకటే యనుకొనరాదు. గొట్టపు లావు ఒకటియైనను వెనుకనున్న మరచుట్లు ఒక్కొక్క తయారీదారునకు ఒక్కొక్క విధముగా నుండును. మన లేతులో బిగించి చూడక డబ్బు చెల్లింపరాదు.

రెండవది కుదురు. బెల్టు తీసివేసి కుదురును వ్రేలితో త్రిప్పవలెను. గరగర లేక మెత్తగా తిరుగవలెను. ముందుకు వెనుకకు లాగి, ప్రక్కలకు కదల్చి చూడవలెను. వదులు కొంచెముండినచో బిగింపవచ్చును. బేరింగు ముఖముపై గీతలు, తుప్పు గుంటలు ఉన్నచో ఆ యంత్రమును విడిచిపెట్టుట మేలు. మూడవది, ముందు తలకును తోకతలకును మొనలు బిగించి రెంటిని ఎదురెదురుగా తాకించి చూచుట. మొనలు సూటిగా కలియనిచో, వేర్వేరు లేతుల భాగములను ఒకటిగా చేర్చి అమ్ముచున్నారని శంకింపవచ్చును. తలలపై అంకెలు చెక్కియున్నచో అవి సరిపోల్చి చూడదగును.

మోటారు విషయమున తొందరపడరాదు. అమెరికా నుండి వచ్చిన పాత మోటారు 110 వోల్టులది; మన 230 వోల్టుల విద్యుత్తుకు తగిలించినచో కాలిపోవును. కాలితో నొక్కి వేగము తగ్గించు పరికరముతో కూడిన కుట్టుమిషను మోటారు ఈ పనికి చక్కగా చాలును. కరెంటు లేని వేళలకు చేతిచక్రము ఉండుట మంచిది.

ఇక పని. నేర్చుకొనువారు మొదట ఇత్తడి కడ్డీపై, పిదప నీలివన్నె వచ్చునట్లు పదును సవరించిన ఉక్కుపై అభ్యసింపవలెను. ఉక్కును ఎఱ్ఱగా కాల్చి నూనెలో ముంచినచో గాజువలె పెళుసగును. దానిని మరల సుమారు 300 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు వేడిచేసినచో నీలివన్నె వచ్చును. ఉలి దానిని కోయును, కొన విరుగదు. ఉలిని తరచుగా నూఱవలెను. మొద్దు ఉలి ఉక్కును కోయక రాచి, మెరుగు పెట్టి గట్టిపఱచును.

ఇచ్చట మెలకువ యొకటి కలదు. ఒకసారి బిగించిన వస్తువును విప్పక చెక్కినంత భాగము కేంద్రము తప్పదు. విప్పి మరల బిగించినచో కొంచెమైనను తప్పును. అందుచేత ఇరుసును ఒక వైపు పూర్తిచేసి త్రిప్పినప్పుడు లక్కతో అతుకుదురు. ఇత్తడి ముక్కను లేతుపైననే మొనగా గుంటచేసి, అందు లక్క కరగించి, ఇరుసును నిలిపి, తిరుగుచుండగా పుల్లతో సరిచేసినచో కేంద్రము కుదురును. లక్క మన స్వర్ణకారులకు క్రొత్త వస్తువు కాదు. ఈ పని వారికి త్వరగా పట్టుబడును.

లేతు చిన్నదని అలక్ష్యము కూడదు. పైపంచె, వదులు చేతుల చొక్కా, గాజులు, విరియబోసిన జుట్టు బెల్టు దగ్గఱకు రానీయరాదు. కంటికి అద్దములు ధరింపవలెను. గరుకు కాగితపు పొడి బేరింగులో పడకుండ గుడ్డ కప్పవలెను.

పెట్టుబడికి 2015లో ఆరంభమైన ముద్ర పథకమున శిశు తరగతి క్రింద 50,000 రూపాయల వఱకు హామీ లేని ఋణమునకు బ్యాంకులో దరఖాస్తు చేయవచ్చును. 2023లో వచ్చిన విశ్వకర్మ పథకపు 18 వృత్తులలో స్వర్ణకారులున్నారు గాని, గడియారములు బాగుచేయువారి పేరు లేదు. ఏమైనను, నెలకు ఒకటి రెండు కీ గడియారములు మాత్రమే వచ్చు అంగడివారు అప్పుచేసి లేతు కొనుట ఉచితము కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయము. మచిలీపట్నము, గుడివాడ అంగళ్ళవారు తమ ఇరుసుల పనిని కూడ అప్పగించుటకు అంగీకరించినచో లెక్క మారును. ఆ మాట కొనుటకు ముందే అడిగి తెలిసికొనవలెను.

సముద్రపు గాలి తగులు మన ప్రాంతమున ఉక్కునకు తుప్పు మొదటి శత్రువు. చేతి చెమట చాలును, మఱునాటికి మచ్చ పడుటకు. పని ముగిసిన వెంటనే పలుచని యంత్రపు నూనె అద్దిన గుడ్డతో తుడువవలెను. కొబ్బరినూనె, ఆముదము వాడరాదు. అవి జిగురై కుదురును పట్టివేయును. కోలెట్లను చెక్కపెట్టెలో, తేమ పీల్చు సిలికా జెల్ పొట్లములతో దాచవలెను. తుపాను నీరు అంగడిలోనికి వచ్చి యంత్రము తడిసినచో, ఉప్పు పోవునట్లు మొదట మంచినీటితో కడిగి, తుడిచి, పిదప కిరోసినుతో కడిగి, ఆనాడే నూనె పెట్టవలెను.